వాకిట్లో మెలికల ముగ్గు... టేకు పలక మీదికి!
చెక్కను ఎంచుకోవడంలోనే సగం పనితనం

ఆసిఫాబాద్: తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, చుక్కలు పెట్టి, ఆ చుక్కల చుట్టూ గీతను తిప్పి తిప్పి బయలుదేరిన చోటికే తెచ్చి కలిపే మెలికల ముగ్గు ఎరగని పల్లె ఈ జిల్లాలో లేదు. సంక్రాంతి నెలలోనైతే చెప్పనే అక్కరలేదు. అయితే ఆ ముగ్గు ఆయుష్షు ఒక్క పూట. పొద్దెక్కేసరికి పశువుల గిట్టల కిందో, పిల్లల కాళ్ళ కిందో చెరిగిపోతుంది. అదే మెలికను ఒక చెక్క పలక మీద గీసి, గీతను గీత దాటే ప్రతిచోటా ఒకదాన్ని పైకి, ఇంకొకదాన్ని కిందికి పోతున్నట్టు ఉలితో చెక్కితే? అది గోడకు పటమవుతుంది, పెట్టె మీద మూత అవుతుంది, దర్వాజకు శోభ అవుతుంది. మూడు తరాలు నిలుస్తుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు. రావిచెట్టు కింద ప్రతిష్ఠించిన జంట నాగుల రాళ్ళలో రెండు పాములు ఒకదానినొకటి పెనవేసుకుని పైకి పోయే తీరు ఇదే మెలిక. నాగబంధమని దానికి పేరు. చిత్రకవిత్వం రాసిన కవులు సైతం ఆ మెలికలో అక్షరాలు పొదిగి పద్యాలు కూర్చారు. పాత ఇళ్ళ టేకు దర్వాజల మీద తామరపూలు, చిలుకలు, వాటిని కలుపుతూ లతల మెలికలు చెక్కిన వడ్లవారి పనితనం పల్లెల్లో ఇంకా అక్కడక్కడా కానవస్తుంది. అయితే ఆ ఇళ్ళు నానాటికీ కూలిపోతున్నాయి. దర్వాజలు కొన్ని పాత సామాన్ల వ్యాపారుల చేతికి, కొన్ని పొయ్యిలోకి పోతున్నాయి. కొత్త ఇళ్ళకు పట్నం నుంచి తయారై వచ్చిన తలుపులే బిగిస్తున్నారు. దర్వాజ పోతే పోయింది, దానిని చెక్కే చేయి కూడా పోతున్నది. అసలు నష్టం అదే.

చేతిలో కొంత తీరిక, కొంత ఓపిక ఉన్నవారు ఈ పనిని సరదాకైనా పట్టుకోవచ్చు. పత్తి తీత అయిపోయాక ఖాళీగా ఉన్న యువకుడు, పదవీ విరమణ చేసిన పంతులు, ముగ్గులు బాగా తెలిసిన ఇల్లాలు ఎవరైనా సరే. కావలసినవి రెండు మూడు ఉలులు, ఒక చెక్క. చిక్కంతా ఆ చెక్క దగ్గరే ఉంది.

సముద్రాల అవతల కూడా ఇదే మెలిక

మెలికల మీద మోజు మన ఒక్క దేశానిదే కాదు. నార్వే దేశంలో ఉర్నెస్ అనే ఊళ్ళో 12వ శతాబ్దం నాటి కొయ్య చర్చి ఒకటి ఉంది. దాని ఉత్తర ద్వారం మీద మృగాలు, పాములు ఒకదాని మెడలోంచి ఒకటి దూరి పెనవేసుకుపోతున్నట్టు చెక్కారు. 1979లో యునెస్కో ఆ చర్చిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఇంచుమించు 800వ సంవత్సరంలో దూడ చర్మపు పుటల మీద రాసిన, ఐర్లండులోని 'బుక్ ఆఫ్ కెల్స్' అనే గ్రంథం నిండా ఇవే మెలికలు.

వేల్స్ ప్రాంతంలోనైతే పెళ్ళీడు కుర్రవాడు తాను కోరుకున్న పిల్లకు స్వయంగా చెక్కిన కొయ్య గరిటె ఇవ్వడం ఆచారంగా ఉండేది. గరిటె కాడ నిండా గొలుసులు, మెలికలు. 1667 సంవత్సరం చెక్కి ఉన్న అటువంటి గరిటె ఒకటి అక్కడి సెంట్ ఫాగన్స్ ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది. ఆ కుర్రవాళ్ళు వడ్రంగులు కారు, పొలం పనులు చేసుకునేవారే. చలికాలపు రాత్రులు పొయ్యి దగ్గర కూర్చుని చెక్కినవే అవన్నీ.

ఈ మెలికలు గీసే పద్ధతిని స్కాట్లండుకు చెందిన జార్జ్ బేన్ అనే చిత్రలేఖనం ఉపాధ్యాయుడు 1951లో పుస్తకంగా వేశాడు. దానిని చూసి నేర్చుకుని దేశదేశాల్లో ఎందరో తీరిక వేళల్లో చెక్క చెక్కుతున్నారు. వారు పుస్తకం చూసి నేర్చుకునే చుక్కల విద్యను మన ఇళ్ళలో అమ్మమ్మలు వేళ్ళతో నేర్పిపోయారు.

మెలిక వెనుక లెక్క

చెక్క పట్టుకునే ముందు ముగ్గు తేలాలి. దీనికి ఒక చక్కని లెక్క ఉంది. బడిలో చెప్పిన గ.సా.భా. గుర్తుందా? అదే ఇక్కడ అక్కరకు వస్తుంది. చుక్కలను నేరు వరుసల్లో పెట్టి, పక్కపక్క చుక్కల ప్రతి జంట మధ్యా గీతలు ఒకసారి దాటుకునేలా తిప్పే సాదా మెలికలో, అడ్డం చుక్కల సంఖ్యకూ నిలువు చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని వస్తాయి. మూడు, నాలుగు చుక్కలైతే గ.సా.భా. ఒకటి. అంటే ముగ్గంతా ఒకే గీత. నాలుగు, ఆరు అయితే రెండు గీతలు. ఐదూ ఐదూ అయితే ఐదు వేరువేరు గీతలు. ఎక్కడా తెగని ఒకే గీత కావాలనుకుంటే రెండు, మూడు, మూడు, నాలుగు, మూడు, ఐదు... ఇలా ఎంచుకోవాలి.

మరొక విశేషం. గీత వెంట పోతూ మొదటి కూడలిలో పైనుంచి, రెండో కూడలిలో కిందినుంచి, మళ్ళీ పైనుంచి అనుకుంటూ పోతే ఎంత పెద్ద మెలికైనా చివరికి లెక్క తప్పకుండా కలుస్తుంది. కలవలేదంటే నడుమ ఎక్కడో ఒక కూడలి దాటవేశారని అర్థం. కనుక చెక్క మీద ఉలి పెట్టకముందే కాగితం మీద పెన్సిలుతో ప్రతి కూడలిలో పైన, కింద గుర్తులు పెట్టుకోవడం మేలు. కాగితం మీద తప్పును రబ్బరు చెరిపేస్తుంది. చెక్క మీద తప్పు తప్పుగానే ఉండిపోతుంది.

మొదటిసారి చేసేవారికి రెండు, మూడు చుక్కల మెలిక చాలు. అందులో కూడళ్ళు ఏడే. చుక్కకు చుక్కకు మధ్య అంగుళంన్నర దూరం, గీత పట్టీ వెడల్పు అర అంగుళం పెట్టుకుంటే పట్టీకి పట్టీకి నడుమ ఉలి ఆడటానికి చోటుంటుంది. ఏడంగుళాల పొడవు, ఐదంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం గల పలక దీనికి సరిపోతుంది. మూడు, నాలుగు చుక్కల మెలికలో కూడళ్ళు పదిహేడు. అది రెండో పనిగా పెట్టుకోవచ్చు.

ఏ పనికి ఏ చెక్క?

మెలిక చెక్కడానికీ, పువ్వు చెక్కడానికీ తేడా ఉంది. పువ్వులో రేకు కాస్త చిట్లితే ఆకుగా మార్చి గట్టెక్కవచ్చు. మెలికలో పట్టీ ఒక్కచోట చిట్లినా గీత తెగిపోతుంది. చూసేవారి కన్ను నేరుగా ఆ తెగిన చోటికే పోతుంది. అందువల్ల ఈ పనికి నార సన్నగా, బిగువుగా, అన్నివైపులా ఒకేలా తెగే చెక్క కావాలి.

టేకు: ఈ ప్రాంతంలో చెక్క అంటే టేకే. వంకర పోదు, చెద తొందరగా పట్టదు, దానిలోనే నూనె ఉంటుంది. అయితే టేకులో ఇసుకలాంటి పదార్థం ఉండటం వల్ల ఉలి పదును త్వరగా పోతుంది. నార వెంట సులువుగా పెళ్ళలు లేస్తుంది కూడా. పట్టీ సన్నగా చేయాలనుకుంటే టేకు సహకరించదు. పట్టీ అర అంగుళానికి తగ్గకుండా పెట్టుకుంటే టేకు అంత నమ్మకమైన చెక్క మరొకటి లేదు.

గుమ్మడి టేకు: పేరులో టేకు ఉన్నా ఇది వేరే చెట్టు. లేత పసుపు రంగు, తక్కువ బరువు, ఉలికి మెత్తగా లొంగుతుంది. ఆరిన తరువాత పెద్దగా వంగదు. కొత్తవారికి దీనిని మించిన చెక్క లేదనే చెప్పాలి.

పాలకొడిసె: అంకుడని కూడా అంటారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలు దీనితోనే తయారవుతాయి. దంతంలాంటి తెల్లని రంగు, కంటికి కనబడనంత సన్నని నార. సన్న మెలికలకు ఇది శ్రేష్ఠం. పెద్ద పలకలు దొరకవు గనుక చిన్న పెట్టెలకు, దువ్వెనలకు, గరిటె కాడలకు తగును.

జిట్రేగి: నల్లని ఊదా చారలతో రాజసంగా ఉంటుంది. గట్టి చెక్క. అంచులు కత్తిరించినట్టు నిలబడతాయి. కానీ నార ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉండటం చేత ఉలి ఒకవైపు సాఫీగా పోతే మరోవైపు ఎదురు తిరుగుతుంది. చేయి తిరిగాక ముట్టుకోవలసిన చెక్క ఇది.

వేప: అందరి దొడ్లలో ఉండేదే. చేదు వల్ల పురుగు అంతగా ముట్టదు. నార కొంచెం ఎదురు తిరిగినా పెద్ద మెలికలకు పనికి వస్తుంది.

మామిడి: చవక, మెత్తన. అయితే పురుగు తొందరగా తొలుస్తుంది. చేయి అలవాటు చేసుకోవడానికి మాత్రమే.

నల్లమద్ది, నల్లతుమ్మ: ఇవి బండికి, నాగలికి పుట్టిన చెక్కలు. సన్న పనికి లొంగవు. నీలగిరి సరేసరి. ఆరేటప్పుడే మెలి తిరిగి, పగుళ్ళిస్తుంది.

పొనికిని ఎందుకు వదలాలి?

ఇక పొనికి సంగతి వేరుగా చెప్పుకోవాలి. నిర్మల్ బొమ్మలకు ప్రాణం పొనికి. దూదిలా తేలిక, వెన్నలా తెగుతుంది. నకాషీ కళాకారులు దానిని ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, తెల్లమట్టి పూత పూసి, ఆపైన రంగులద్దుతారు. పండు చూసి అసలు పండనుకునే నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు సైతం లభించింది.

అయితే దగ్గరి అడవుల్లో పొనికి చెట్టు పలచబడిపోయింది. చెక్క దొరకడమే ఆ కళాకారుల కుటుంబాలకు పెద్ద సమస్య అయి కూర్చుంది. పొనికి మొక్కలు పెంచే ప్రయత్నాలు జరిగినా, నాటిన మొక్క ఉలి కిందికి రావడానికి ఏళ్ళు పడుతుంది. అదీగాక పొనికి మీద సన్న మెలిక అంచు నిలవదు, నొక్కితే గోరు దిగుతుంది. రంగు పూతకే అది అందం. సరదాకు చెక్కేవారు ఇతరుల బతుకుతెరువైన చెక్కను ముట్టకపోవడమే న్యాయం. మన పనికి అంతకన్నా మంచి చెక్కలున్నప్పుడు దానికోసం పోటీ పడవలసిన అవసరమే లేదు.

అడవికి గొడ్డలి పట్టుకుపోవద్దు

2016 అక్టోబరు 11న ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా అడవులకు పెట్టింది పేరు. చుట్టూ అడవి ఉంది గదా అని ఒక కొమ్మ నరుక్కొస్తే తప్పేమిటని అనుకునేవారున్నారు. తప్పే. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు నరకడం నేరం. సొంత పొలంలో పెంచిన టేకు చెట్టునైనా నరకడానికి, తరలించడానికి అనుమతి కాగితం కావాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, తరతరాలుగా అడవిలో ఉంటున్నవారికి తేనె, మైనం, లక్క, వెదురు వంటి చిన్న తరహా ఫలసాయం మీద హక్కు ఇచ్చింది గాని, కలప మీద ఇవ్వలేదు.

చవకగా వస్తోందని రాత్రివేళ వచ్చిన దుంగను కొంటే కొన్నవాడూ చిక్కుల్లో పడతాడు. అంతకన్నా ముఖ్యం, అందమైన వస్తువు చేయాలన్న సరదా అడవిని బోడి చేసే పనికి తోడు కాకూడదు.

మరి చెక్క ఎక్కడిది? వెతికితే ఊళ్ళోనే ఉంది. కూల్చిన ఇంటి దూలం ముక్క, విరిగిన మంచం కోడు, పనికిరాని బండి కాడి, పాత కిటికీ చట్రం అన్నీ పనికివచ్చేవే. ఏళ్ళ తరబడి ఆరి ఉండటం వల్ల పాత కలప కొత్త కలప కంటే మేలు. అయితే చిత్రిక పట్టేముందు అందులో మేకులున్నాయేమో చూసుకోవాలి. ఒక్క మేకు చాలు, ఉలి నోరు పోవడానికి. సా మిల్లుల్లోనూ, వడ్ల పని జరిగేచోటా మిగిలిపోయే జానెడు ముక్కలు ఏడంగుళాల పలకకు చాలు. పొయ్యిలోకి పోయే ముక్కను అడిగి తెచ్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఎక్కువ మొత్తంలో పాత కలప తరలించవలసి వస్తే మాత్రం ముందుగా అటవీ సిబ్బందిని అడిగి, కావలసిన కాగితాలు తీసుకోవడం ఉత్తమం.

పచ్చి చెక్కతో పరువు పోతుంది

దొడ్లో గాలికి కూలిన వేపచెట్టు ఉందనుకుందాం. వెంటనే పలకలు కోసి చెక్కడం మొదలుపెడితే నెల తిరగకముందే మెలిక నడుమ పగులు వస్తుంది. ఈ జిల్లా వాతావరణం చెక్కకు పరీక్ష పెట్టేది. వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. వానకాలంలో గాలంతా తేమే. చలికాలంలో రాష్ట్రంలో చలి ఎక్కువగా నమోదయ్యే ప్రాంతాల్లో ఇది ఒకటి. తేమ పీల్చినప్పుడు చెక్క ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది.

మందం అంగుళానికి ఒక ఏడాది చొప్పున నీడలో ఆరబెట్టాలన్నది పాత లెక్క. పలకల మధ్య సన్న బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాలి. ఎండలో పెడితే పైభాగం ఆరి, లోపలి భాగం పచ్చిగా ఉండి చీలిపోతుంది. చెక్క చివరల నుంచి తేమ వేగంగా పోతుంది గనుక కోసిన రెండు చివరలకూ మైనం గాని, రంగు గాని పూయాలి. ఏదీ లేకపోతే పేడ మెత్తినా ఫరవాలేదు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. కిరాణా కొట్టు తక్కెడ చాలు. వారానికోసారి పలకను తూచి, బరువు రాసుకోవాలి. నాలుగైదు వారాలు వరుసగా బరువు తగ్గకుండా నిలిస్తే చెక్క పనికి వచ్చినట్టే.

ఉలి పని

పనిముట్ల కోసం పట్నం పరుగెత్తనక్కరలేదు. అరిగిపోయిన ఆకురాయి మంచి ఉక్కు. కమ్మరి దానిని కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి ఇస్తే మంచి ఉలి అవుతుంది. అర అంగుళం చదును ఉలి ఒకటి, పావు అంగుళం చదును ఉలి ఒకటి, గోరులా వంపు తిరిగిన ఉలి ఒకటి ఉంటే మొదటి పలక పూర్తి చేయవచ్చు. సానరాయి మాత్రం ఎప్పుడూ పక్కనే ఉండాలి. మొండి ఉలికి బలం ఎక్కువ పెట్టాలి. బలం పెట్టినచోటే చేయి జారుతుంది. ఉలి మొనకు ముందు ఎడమచేతిని ఎన్నడూ ఉంచరాదు. పలకను బల్లకు బిగించి, రెండు చేతులూ ఉలి వెనుకే పెట్టాలి.

పలక పొడుగు నార పొడుగు వెంట ఉండేలా ముగ్గు దించుకోవాలి. దీనికి కారణం ఉంది. మెలికలో గీతలన్నీ ఏటవాలుగా పోతాయి. ఏటవాలు పట్టీ నారను పూర్తిగా అడ్డంగా కోయదు గనుక కొంత బలంగానే ఉంటుంది. గీత మలుపు తిరిగే అంచుల్లోనే ప్రమాదం. పై అంచు, కింది అంచు మలుపులు నార వెంట పోతాయి కాబట్టి నిలుస్తాయి. కుడి ఎడమ కొసల మలుపుల్లో పట్టీ నారకు అడ్డంగా తిరుగుతుంది. చిట్లేది అక్కడే. ఆ మలుపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. అందుకే రెండు చుక్కల వైపు కొసలకు, మూడు చుక్కల వైపు పొడుగుకు రావాలి.

ముందు పట్టీల అంచు వెంట ఉలిని నిలువుగా పెట్టి, కొయ్య సుత్తితో తేలికగా కొట్టుకుంటూ గాటు పెట్టాలి. ఆ తరువాత పట్టీల నడుమ ఉన్న నేలను పావు అంగుళం, అంటే రెండు నూళ్ళ లోతుకు తీయాలి. ఒక్కసారే లోతుకు పోకుండా పొర పొరగా తీయడం మంచిది. చివరగా కూడళ్ళు. కిందికి పోయే పట్టీని కూడలి దగ్గర ఒక నూలు మాత్రమే దించాలి. అదీ గోడలా నిలువుగా కాదు. ముప్పావు అంగుళం దూరం నుంచే వాగు ఒడ్డు దిగినట్టు మెల్లగా ఏటవాలుగా దించి, అవతల మళ్ళీ మెల్లగా ఎక్కించాలి. అప్పుడే తాడు తాడు కిందినుంచి దూరినట్టు కన్ను నమ్ముతుంది.

ఎక్కడైనా ముక్క ఎగిరిపోతే బెంగ అక్కరలేదు. ఆ ముక్క దొరికితే జిగురు పెట్టి అక్కడే అతికించాలి. దొరకకపోతే నిర్మల్ కళాకారుల ఉపాయమే దిక్కు. చింతగింజల జిగురులో అదే చెక్క పొట్టు కలిపి నింపి, ఆరాక రుద్దాలి.

టేకు పొడి కొందరికి తుమ్ములు, దురద తెప్పిస్తుంది. గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకోవడం మరువరాదు.

మెరుగు పెట్టడం ఎలా?

చెక్కడం ఎంత బాగున్నా మెరుగు చెడితే పని చెడుతుంది. చాలామంది చేసే పొరపాటు మందమైన వార్నీషు దట్టంగా పూయడం. అది కూడళ్ళ మూలల్లో నిండి, ఎంతో ఓపికతో తీసిన అంచులను పూడ్చేస్తుంది. మెలిక పనికి పలుచని పూతే అందం.

నూనెల్లో ఆరేవి, ఆరనివి అని రెండు రకాలున్నాయి. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, ఇప్ప నూనెలు చెక్క మీద ఆరి గట్టిపడవు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటాయి. కాలం గడిచేకొద్దీ కంపు కొడతాయి. అవిసె నూనె ఆరి పొర కడుతుంది. రంగుల దుకాణాల్లో కాచిన అవిసె నూనె అని అమ్ముతారు. అది పచ్చి నూనె కంటే త్వరగా ఆరుతుంది. గుడ్డతో పలుచగా రాసి, అరగంట ఆగి, మూలల్లో నిలిచిన నూనెను పొడి గుడ్డతో ఒత్తి తుడిచేయాలి. రోజుకొకటి చొప్పున మూడు పూతలు చాలు. ఇక్కడ ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో తడిపి, విడిగా పరచి ఆరవేయాలి.

తేనె మైనం ఈ జిల్లాలో దొరికే మంచి వస్తువు. మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి, అవిసె నూనె కలిపితే ముద్ద అవుతుంది. నేరుగా మంట మీద పెట్టకూడదు. నూనె పూత ఆరాక ఈ ముద్దను పలుచగా రాసి, మెత్తని గుడ్డతో రుద్దితే చెక్కకు చేతితో తడిమిన పాత వస్తువుకుండే నిగారింపు వస్తుంది.

లక్క కూడా మన అడవి ఇచ్చేదే. మోదుగ, రేగు చెట్ల మీద లక్క పురుగులు పెట్టే పదార్థం అది. శుభ్రం చేసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తే నిమిషాల్లో ఆరి మెరుస్తుంది. ఒకే మందమైన పూతకన్నా నాలుగు పలుచని పూతలు మేలు. వానపడే రోజున పూస్తే తేమకు తెల్లగా పాలిపోతుంది. వేడి గిన్నె పెట్టినా మచ్చ పడుతుంది. కనుక పటాలకు, పెట్టెలకు సరే గాని, పీటలకు, పళ్ళేలకు లక్క వద్దు.

రంగు కావాలంటే నేలను నల్లగా చేసి, పట్టీలను చెక్క రంగుకే వదిలేస్తే మెలిక ఎగిరి కనబడుతుంది. దీనికి కలంకారీవారి ఉపాయం ఉంది. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు ముందు పూసి, ఆరాక, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లపు నీళ్ళలో కొన్నాళ్ళు ఊరిన నీరు పూయాలి. రెండూ కలిసినచోట చెక్క నల్లబారుతుంది. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం కూడా నలుపే గాని, అది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. దాని జోలికి పోకపోవడమే క్షేమం. హోళీకి రంగు తీసే మోదుగపూలు మంచి కాషాయ పసుపు ఇస్తాయి. కాకపోతే ఎండకు వెలిసిపోతుంది.

ఏ మెరుగైనా ముందుగా అదే చెక్క తుంట మీద పూసి, ఒక రోజు ఆగి చూడాలి. పని పూర్తయిన పలక మీద ప్రయోగాలు చేయరాదు.

ఇంట్లోనే ఉన్న పుస్తకం

మెలికల నమూనాల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. ఇంట్లో పెద్దావిడ ఉంటే చాలు. ఆమెకు వచ్చిన ముగ్గుల్లో ఏ పుస్తకంలోనూ అచ్చుకాని మెలికలు ఉండవచ్చు. ఒక నోటు పుస్తకం ఇచ్చి గీయమని అడిగితే కాదనదు. కాగితం మీద తడబడితే నేల మీద పిండితో వేయమనాలి. ఆ ముగ్గులు చేతికి గుర్తుంటాయి గాని మాటకు గుర్తుండవు. ఆమె వేస్తుండగా చూసి మనవడో, మనవరాలో రాసుకోవాలి.

పని నేర్చిన వడ్లవారు కూడా ప్రతి ఊళ్ళో ఒకరిద్దరైనా మిగిలి ఉన్నారు. దర్వాజల గిరాకీ తగ్గి, వారి చేతికి చెక్కడం పని దొరకడమే కరువైంది. వారి దగ్గర నాలుగు రోజులు కూర్చుని ఉలి పట్టే తీరు, పదును పెట్టే తీరు అడిగి తెలుసుకుంటే నేర్చుకున్నవారికి విద్య, చెప్పినవారికి గౌరవం. తీసుకున్న సమయానికి కూలి ఇవ్వడం కూడా మర్యాద.

కూల్చిన ఇంటి దూలం ముక్క ఒకటి, అమ్మమ్మ ముగ్గు ఒకటి, అడవి ఇచ్చిన మైనమో లక్కో కొంచెం. ఇవి మూడూ కలిస్తే చెట్టు ఒక్కటీ కూలకుండా ఇంట్లోకి ఒక మంచి వస్తువు వస్తుంది. పొయ్యిలోకి పోవలసిన చెక్క గోడ మీదికి ఎక్కుతుంది. పొద్దెక్కేసరికి చెరిగిపోయే ముగ్గు, వేసిన చేయి వెళ్ళిపోయాక కూడా ఇంట్లో నిలిచి ఉంటుంది.